కోనసీమలో ధాన్యం రవాణాకు పాత లారీ: కొనుగోలు, వినియోగంలో మెలకువలు

కోనసీమలో సార్వా వరి కోతలు ముమ్మరమయ్యే నవంబరు మాసమే బంగాళాఖాతంలో తుపానులు పుట్టే కాలం. 1996 నవంబరు 6న తీరం దాటిన తుపాను ఈ ప్రాంతపు వరి చేలను, కొబ్బరి తోటలను ఏ విధంగా నేలమట్టం చేసిందో నాటి రైతులు నేటికీ మరువలేదు. అందుచేత ఇక్కడి రైతుకు పంట కోయడం ఒక ఎత్తు, కోసిన ధాన్యాన్ని వాన పడకముందే కళ్లం నుండి తరలించడం మరొక ఎత్తు.

గతంలో ఈ తరలింపు పడవల మీద సాగేది. ధవళేశ్వరం ఆనకట్ట నుండి వచ్చిన కాలువలు నీటితో పాటు సరుకునూ మోసేవి. 1850ల దశకంలో వైనతేయ పాయపై నిర్మించిన గన్నవరం అక్విడక్టు ఆ వ్యవస్థలో భాగమే. రోడ్లు, వంతెనలు పెరిగిన కొద్దీ పడవల స్థానాన్ని లారీలు ఆక్రమించాయి. వరికోత యంత్రాల రాకతో మరొక మార్పు వచ్చింది. పూర్వం పనలు ఆరబెట్టి, కుప్పవేసి, తీరికగా నూర్చేవారు. నేడు ఒక ఆయకట్టు అంతా కొద్ది రోజులలోనే కోతకు వచ్చి, తేమ ఎక్కువగా ఉన్న ధాన్యం ఒక్కసారిగా రాశిపడుతున్నది. ఆ రోజులలో కిరాయి లారీ దొరకడం కష్టం, దొరికినా బాడుగ ఎక్కువ. ఈ కారణంగా పలువురు రైతులు పాత లారీని సొంతంగా కొనుగోలు చేయాలని ఆలోచిస్తున్నారు. ఈ ఆలోచనలోని మేలును, కీడును ముందుగా లెక్కించుకోవాలి.

ఏ వాహనం అనువైనది?

1954లో జంషెడ్‌పూర్‌లో టాటా-మెర్సిడెస్ బెంజ్ లారీల తయారీ మొదలైనది. అటువంటి తొలితరం లారీలపై కొందరికి మక్కువ ఉన్నప్పటికీ అవి ధాన్యం రవాణాకు పనికిరావు. 2021లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 సంవత్సరాలు దాటిన వాణిజ్యేతర వాహనాలకే పురాతన వాహన హోదా లభిస్తుంది. వాటిని నిత్య వినియోగానికి గాని, వ్యాపారానికి గాని నడపరాదు. కావున రైతు చూడవలసినది ఫిట్‌నెస్ పొందగల పాత వాహనాన్ని మాత్రమే.

కోనసీమ పుంత రోడ్లు, కాలువ గట్లు ఇరుకైనవి. వాన పడితే బంకమట్టిలో చక్రాలు దిగబడతాయి. కళ్లం వద్దకు పోవడానికి 1986లో మార్కెట్లోకి వచ్చిన టాటా 407 తరహా చిన్న లారీ అనుకూలం. కళ్లం నుండి దూరపు మిల్లుకు మాత్రమే పెద్ద లారీ ఉపయోగకరం. పాత ఇంజన్లలో ఎలక్ట్రానిక్ పరికరాలు లేనందున స్థానిక మెకానిక్‌లే మరమ్మతు చేయగలరు. కోత రోజులలో ఇది పెద్ద సౌలభ్యం.

కొనే ముందు పరీక్షలు

• సముద్రపు గాలిలోని ఉప్పు వలన తీరప్రాంతపు వాహనాలు త్వరగా తుప్పు పడతాయి. కొత్త రంగును చూసి మోసపోక, ఛాసిస్‌ను అడుగుభాగంలో సుత్తితో తట్టి చూడాలి. అతుకులు, పగుళ్లు ఉంటే ఆ లారీని విడిచిపెట్టాలి.

• ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించాలి. నీలిరంగు పొగ ఇంజనాయిలు మండుతున్నదనడానికి, దట్టమైన నల్లపొగ ఇంధన సరఫరాలో గాని, గాలి వడపోతలో గాని లోపానికి సూచన. ఇంజను వేడెక్కిన తరువాత కూడా తెల్లపొగ ఆగకపోతే లోపలికి నీరు చేరుతున్నదేమో పరీక్షించాలి.

• బ్రేకులు, స్టీరింగు, కమాను పట్టీలు, టైర్లను బరువు వేసి నడిపి పరీక్షించాలి.

• ఇంజను, ఛాసిస్ నంబర్లు ఆర్‌సీతో సరిపోవాలి. ఫైనాన్స్ బకాయి, పన్ను బకాయి, చలానాలు లేవని నిర్ధారించుకున్న తరువాతనే సొమ్ము చెల్లించాలి.

చట్టపరమైన అంశాలు

ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఏటా ఫిట్‌నెస్ పొందాలి. 15 సంవత్సరాలు దాటిన వాటికి ఈ రుసుములు 2022 ఏప్రిల్ నుండి బాగా పెరిగినందున, ప్రస్తుత రుసుమును, హరిత పన్నును రవాణా శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి. స్థూల బరువు 3,000 కిలోలు మించితే పర్మిట్ కావాలి. బీమా తప్పనిసరి. 7,500 కిలోల స్థూల బరువు వరకు గల రవాణా వాహనాన్ని తేలికపాటి వాహన లైసెన్సుతోనే నడపవచ్చునని సుప్రీంకోర్టు 2024 నవంబరులో తీర్పునిచ్చినది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అధిక బరువుకు 20,000 రూపాయలు, ఆపై ప్రతి అదనపు టన్నుకు 2,000 రూపాయల చొప్పున జరిమానా ఉన్నది.

ఆర్థిక లెక్క

ఒక ఉదాహరణ తీసుకుందాం. మూడు లక్షలకు కొన్న చిన్న లారీని ఆరేళ్లు వాడి 60 వేలకు అమ్మితే ఏటా తరుగుదల 40 వేలు. సగటు పెట్టుబడి 1.8 లక్షలపై పది శాతం వడ్డీ 18 వేలు. బీమా, పన్ను, ఫిట్‌నెస్ కలిపి 45 వేలు, మరమ్మతులు 40 వేలు అనుకుంటే ఏటా స్థిరవ్యయం 1,43,000 రూపాయలు. డీజిలు, డ్రైవరు ఖర్చు పోగా ఒక్కొక్క ట్రిప్పుకు బాడుగలో 1,100 రూపాయలు మిగిలితే, ఏటా 130 ట్రిప్పులు తిరిగినప్పుడే ఖర్చు గిట్టుతుంది.

ఎకరాకు 75 కిలోల బస్తాలు 30 చొప్పున పది ఎకరాలకు 300 బస్తాలు. రెండున్నర టన్నుల లారీలో 33 బస్తాలు పడతాయి. అనగా సార్వాకు తొమ్మిది, దాళ్వాకు తొమ్మిది, మొత్తం 18 ట్రిప్పులు మాత్రమే. పది ఎకరాల రైతు ఒక్కడే లారీ కొంటే నష్టం తప్పదు. అటువంటి రైతులు ఏడెనిమిది మంది కలిసి కొన్నప్పుడు, లేదా మిగిలిన నెలలలో అంబాజీపేట మార్కెట్టుకు కొబ్బరి వంటి సరుకు తోలినప్పుడు మాత్రమే గిట్టుబాటవుతుంది. ఉమ్మడిగా కొనేవారు ఎవరి ధాన్యం ముందు తరలించాలన్న వరుసను కోతలకు ముందే కాగితంపై రాసుకోవాలి. మబ్బు పట్టిన రోజున ఆ వరుస నిర్ణయించబోతే తగవులు వస్తాయి.

వినియోగంలో జాగ్రత్తలు

ధాన్యం కొనుగోలుకు తేమ 17 శాతం మించరాదు. 22 శాతం తేమ గల 100 కిలోల ధాన్యం 17 శాతానికి ఆరేసరికి 94 కిలోలవుతుంది. అనగా పచ్చి ధాన్యం ఎత్తితే ప్రతి క్వింటాలుకు ఆరు కిలోల నీటిని బాడుగ చెల్లించి మోసినట్లే. అయితే తుపాను హెచ్చరిక ఉన్నప్పుడు ఈ లెక్క చూడక, పచ్చి ధాన్యాన్నైనా డ్రయరు ఉన్న మిల్లుకు వెంటనే చేర్చాలి. పచ్చి ధాన్యాన్ని రాత్రంతా లారీలోనే బరకం కప్పి ఉంచితే వేడెక్కి రంగు మారుతుంది.

ఎరువులు, పురుగుమందులు మోసిన తొట్టిని కడిగి ఆరబెట్టిన తరువాతనే ధాన్యం ఎత్తాలి. విత్తన ధాన్యమైతే చెక్కల సందుల్లో మిగిలిన వేరే రకపు గింజలను ఊడ్చివేయాలి. బరువును సమంగా పరచాలి. బస్తాలపై జట్టు కూలీలను ఎక్కించుకొని పోవడం ప్రాణాపాయం. వంతెనలపై బరువు పరిమితి బోర్డులను తప్పక పాటించాలి. అక్టోబరులోనే బ్రేకులు, టైర్లు, బ్యాటరీ, బరకం సరిచూసుకోవాలి.

పాత లారీ దానంతట అది లాభం తెచ్చిపెట్టదు. తగిన పరీక్షతో కొని, పదిమందీ కలిసి వాడుకుంటే మాత్రం, మబ్బు పట్టిన నాడు ధాన్యం కళ్లంలో తడవకుండా కాపాడుకునే సాధనంగా ఉపకరిస్తుంది.