గాలికి బడి పెట్టిన ఊరు

ఇంజనీరింగు పిల్లల్ని వెంటబెట్టుకుని డెన్మార్క్ వెళ్తే ముందుగా ఏం చూపించాలి? కోపెన్‌హేగెన్‌లో విమానం దిగుతుంటేనే సముద్రంలో విల్లులా వంగిన వరసలో నిలబడ్డ గాలిమరలు కిటికీలోంచి కనబడతాయి. పిల్లలు ఫోన్లు బయటికి తీసేశారు. "వాటిని ఆఖర్న చూద్దాంలే" అని, నేను వాళ్ళని రైలెక్కించి జట్లాండ్‌లోని ఆస్కోవ్ అనే చిన్న ఊరికి తీసుకెళ్ళాను. అక్కడున్నది ఒక బడి, దాని దగ్గర్లో ఒక పాత గాలిమర భవనం. ఇప్పుడది మ్యూజియం.

"ఇంత దూరం వచ్చింది బడి చూడ్డానికా మాస్టారూ?" అంది ఒకమ్మాయి.

"అవునమ్మా. ఈ దేశంలో గాలి కరెంటు పుట్టింది ఫ్యాక్టరీలో కాదు, ఇదిగో, ఈ బడిలోనే" అన్నాను. ఆ కథే మీకూ చెప్తాను, వినండి.

డెన్మార్క్‌లో పల్లెటూరి యువకుల కోసం ఒకరకం బడులుండేవి, ఇప్పటికీ ఉన్నాయి. గ్రుండ్‌విగ్ అనే పెద్దాయన ఆలోచన అది. పరీక్షల్లేవు, ర్యాంకుల్లేవు. పెద్దవాళ్ళయిన పిల్లలు కొన్ని నెలలు అక్కడే కలిసి ఉండి చదువుకుంటారు. 1878లో ఆస్కోవ్ బడికి పౌల్ లా కూర్ అనే పంతులుగారు వచ్చారు. అంతకుముందు ఆయన వాతావరణ శాఖలో శాస్త్రవేత్త. పట్నాలకి కరెంటు వస్తోంది, పల్లెలకి రావడం లేదు, పల్లెటూళ్ళు ఖాళీ అయిపోతాయేమోనని ఆయన బెంగ. పల్లెలో పుష్కలంగా ఉన్నదేమిటి? గాలి. 1891లో ప్రభుత్వమిచ్చిన డబ్బుతో బడి పక్కనే ఒక ప్రయోగ గాలిమర కట్టించారు.

గాలితో వచ్చిన చిక్కల్లా అది మన మాట వినకపోవడమే. ఒక నిమిషం వీస్తుంది, మరు నిమిషం ఆగుతుంది. వచ్చిన కరెంటుని దాచేదెలా? ఆయన ఆ కరెంటుని నీళ్ళలోకి పంపి హైడ్రోజన్, ఆక్సిజన్ విడగొట్టారు. ఆ హైడ్రోజన్‌ని నిలవచేసి బడిలో దీపాలు వెలిగించారు. 1895 నుంచి 1902 దాకా ఆస్కోవ్ బడి పిల్లలు గాలి దాచిపెట్టిన వెలుగులో చదువుకున్నారు. హైడ్రోజన్‌లో కాస్త ఆక్సిజన్ కలిసిపోయినప్పుడు అది పేలేది. కిటికీ అద్దాలు పగిలేవి, మళ్ళీ బిగించేవారు. ఇవాళ ఐరోపా అంతా "గ్రీన్ హైడ్రోజన్" అంటూ వేల కోట్లు పెడుతోంది కదా, దాని మొదటి పాఠం ఆ పగిలిన అద్దాల దగ్గరే ఉంది.

రెక్కలు ఎక్కువుంటే ఎక్కువ కరెంటు వస్తుందని అందరూ అనుకునే రోజుల్లో, రెక్కలు తక్కువుండి వేగంగా తిరిగితేనే కరెంటుకి మేలని లా కూర్ ప్రయోగాలు చేసి చూపించారు. నాకు ఆయనలో అన్నిటికన్నా నచ్చిన పని మాత్రం వేరే ఉంది. పల్లెటూరి కుర్రాళ్ళని చేరదీసి గాలి కరెంటు పనిలో శిక్షణ ఇచ్చారు. వాళ్ళే ఊళ్ళకి వెళ్ళి మరలు బిగించారు, తీగలు లాగారు. 1918 నాటికి డెన్మార్క్‌లో 120 దాకా ఊరి కరెంటు సంస్థలకి సొంత గాలిమర ఉండేది. దేశం వాడే కరెంటులో 3 శాతం దాకా వాటినుంచే వచ్చేది.

1904లో ఆ శిక్షణకి వచ్చిన కుర్రాళ్ళలో యోహానెస్ యూల్ ఒకడు. అతను పెద్దయి, 1957లో గెడ్సర్ అనేచోట 200 కిలోవాట్ల టర్బైన్ కట్టాడు. మూడు రెక్కలు, గాలికి ఎదురుగా నిలబడే తల. గాలి మరీ ఉధృతమైతే, రెక్క మీదుగా జారాల్సిన గాలి రెక్కని వదిలేసి సుడులు తిరుగుతుంది, దాంతో రెక్క లాగే శక్తి తనంతట తానే పడిపోతుంది. కంప్యూటర్లు లేని కాలంలో దానికి అదొక రక్షణ. పెద్దగా మరమ్మతుల్లేకుండా పదేళ్ళు తిరిగింది. అప్పటికి చమురు చవక, దాంతో 1967లో ఆపేశారు.

ఆ తర్వాత 1973 వచ్చింది. అరబ్బు దేశాలు చమురు బిగించేసరికి డెన్మార్క్ గిలగిల్లాడింది. ఆ దేశపు ఇంధనంలో పదింట తొమ్మిది వంతులు బయటి చమురే. ఆదివారాలు కార్లు బయటికి తీయొద్దని ప్రభుత్వం ఆజ్ఞ వేసింది. అణు విద్యుత్తు వద్దని జనం ఏళ్ళ తరబడి పోరాడారు. 1985లో పార్లమెంటు దాన్ని ప్రణాళికల్లోంచి తీసేసింది.

ఆ గొడవల మధ్యే, పశ్చిమ జట్లాండ్‌లో ఉల్ఫ్‌బోర్గ్ దగ్గర ట్విన్ అనే బడుల టీచర్లు, విద్యార్థులు కలిసి ఒక సాహసం చేశారు. టీచర్లు తమ జీతాల డబ్బు పోగేశారు. 1975లో మొదలుపెట్టి, స్వచ్ఛందంగా వచ్చిన జనంతో కలిసి కాంక్రీటు టవరు పోసి, ఫైబర్‌గ్లాస్ రెక్కలు చేత్తో తయారుచేసి, 1978లో 2 మెగావాట్ల గాలిమర తిప్పారు. ఆనాటికి ప్రపంచంలో అంత పెద్దది లేదు. నిపుణులు ఇది నిలబడదన్నారు. రెక్కలు తర్వాత మార్చారు గానీ, ఆ టవరు ఇప్పటికీ అక్కడే ఉంది, మర తిరుగుతూనే ఉంది. చిన్న మరల కోసం వాళ్ళు చేసిన రెక్కల అచ్చు తీసుకుని చుట్టుపక్కల చిన్న వర్క్‌షాపులు రెక్కలు పోసుకున్నాయి. డెన్మార్క్ గాలిమరల పరిశ్రమ అలా ఒకరి చేతిలోంచి ఒకరి చేతికి పాకింది.

దాని కిందే పిల్లల్ని గడ్డిలో కూర్చోబెట్టి లెక్క వేయించాను. మీరూ వేయండి. రెక్క పొడవు 27 మీటర్లు. అది గీసే వృత్తం వైశాల్యం దాదాపు 2290 చదరపు మీటర్లు. గాలి సెకనుకి 10 మీటర్ల వేగంతో వస్తోందనుకోండి. ఆ వృత్తంలోంచి సెకనుకి 22,900 ఘనపు మీటర్ల గాలి దూసుకెళ్తుంది. ఘనపు మీటరు గాలి బరువు 1.2 కిలోలు. అంటే సెకనుకి 27 టన్నులు! మనం బరువే లేదనుకునే గాలి! ఒకబ్బాయి రెండుసార్లు వేసి చూసుకుని, నమ్మలేక పక్కవాడి కాగితంలోకి తొంగిచూశాడు. ఆ గాలిలో ఉన్న శక్తి దాదాపు 1.37 మెగావాట్లు. గాలి వేగం రెట్టింపైతే వచ్చే గాలి రెట్టింపు, అందులో ప్రతి కిలోకీ ఉండే శక్తి నాలుగు రెట్లు. మొత్తం ఎనిమిది రెట్లు. అందుకే గాలిమర ఎక్కడ నిలబెట్టామన్నది అంత ముఖ్యం.

"అయితే ఆ శక్తంతా లాగేసుకోవచ్చా?" అనడిగారు. కుదరదు. మొత్తం లాగేస్తే వెనక గాలి కదలకుండా నిలబడిపోతుంది. బస్సు దిగినవాడు ఫుట్‌బోర్డు ముందే నిలబడిపోతే లోపలున్నవాళ్ళు దిగలేరు చూడండి, అలాగ. వెనక్కి పోయే గాలికి కాస్త వేగం మిగల్చాలి. ఆల్బర్ట్ బెట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఆ పరిమితిని లెక్కగట్టాడు. 27 పాళ్ళలో 16 పాళ్ళు, అంటే 59.3 శాతం. ఎంత గొప్ప కంపెనీ అయినా, ఎంత మంచి రెక్క అయినా దాన్ని దాటలేదు.

ఇక సామ్సో. ఈ ప్రయాణంలో నా మనసు ఎక్కువగా నిలిచిపోయిన చోటు అదే. హౌ రేవులో ఓడెక్కితే గంటలో చేరే దీవి, 114 చదరపు కిలోమీటర్లు, నాలుగు వేలలోపు జనం. తొలికారు బంగాళాదుంపలకి పేరు. 1997లో ప్రభుత్వం ఒక పోటీ పెట్టింది. పదేళ్ళలో పూర్తిగా పునరుత్పాదక శక్తి మీద బతకగల దీవి ఏది, ఎలా అని. సామ్సో గెలిచింది. అక్కడే పుట్టి పెరిగిన రైతుబిడ్డ, టీచరు సోరెన్ హెర్మన్సన్ ఊరూరా మీటింగులు పెట్టి జనాన్ని ఒప్పించాడు. 2000లో నేల మీద ఒక్కోటి ఒక మెగావాటుగా 11 టర్బైన్లు వచ్చాయి. వాటిలో తొమ్మిది రైతులవి, రెండు ఊళ్ళో చిన్నచిన్న వాటాదారుల సహకార సంఘాలవి. ఆ తర్వాత సముద్రంలో 2.3 మెగావాట్లవి పది. అందులో సగం మున్సిపాలిటీవే.

గాలిమర చప్పుడు చేస్తుంది, నీడ కదుపుతుంది, చూపుకి అడ్డం వస్తుంది. ఎవరిదో అయితే అది బెడద. అందులో మన వాటా ఉంటే గాలి వీచిన రోజున నిద్ర లేవగానే ముందు దానికేసే చూస్తాం. కోపెన్‌హేగెన్ ముంగిట మిడెల్‌గ్రుండెన్‌లో 2000లో పెట్టిన 20 టర్బైన్లలోనూ సగం సహకార సంఘానివే. ఏడాదికి 1000 యూనిట్ల కరెంటుకి ఒక వాటా చొప్పున ఎనిమిది వేల మందికి పైగా కొనుక్కున్నారు. మన అనంతపురం వైపు రామగిరి కొండల మీద కూడా 1990లలోనే గాలిమరలు వచ్చాయి. కింద మేకలు కాసుకునేవాళ్ళకి వాటిలో వాటా ఏదని మా పిల్లల్లో ఒకడు అడిగాడు. ఆ ప్రశ్న వేయగలిగినందుకు వాడంటే నాకు గర్వం.

సామ్సోలో ఇంకో సంగతి. చలి దేశంలో ఇంటికి ముందు కావలసింది వేడి, ఆ తర్వాతే దీపం. దీవిలో పండిన గోధుమ గడ్డి మోపుల్ని ఒకచోట మండించి, ఆ వేడినీళ్ళని భూమిలో పాతిన గొట్టాల ద్వారా ఇంటింటికీ పంపుతారు. "మా ఊళ్ళో హార్వెస్టర్ కోసి వదిలేసిన గడ్డిని పొలంలోనే తగలబెడతారు మాస్టారూ" అన్నాడు నిజామాబాద్ కుర్రాడు. మనకి ఇల్లు వెచ్చబెట్టే పని లేదు గానీ, బియ్యం మిల్లుల బాయిలర్లు ఊకతో నడుస్తూనే ఉన్నాయి. గడ్డిలో పొటాషియం ఎక్కువ, బూడిద కరిగి బాయిలరులో గడ్డకడుతుంది. అలాంటి గడ్డికి తగ్గట్టుగా పొయ్యి ఎలా కట్టాలో సామ్సో వాళ్ళని చూసి నేర్చుకోవచ్చు.

ఇక్కడ పిల్లలు ఒక గట్టి పట్టు పట్టారు. దీవిలో కార్లు, ట్రాక్టర్లు ఇంకా చమురుతో తిరుగుతున్నాయి కదా, నూరు శాతం ఎలా అవుతుందని. నిజమే. కార్లు, ఓడలు తాగే చమురుకి బదులుగా సముద్రంలోని టర్బైన్లు అంత కరెంటుని ప్రధాన భూభాగానికి పంపుతాయి. జమాఖర్చుల్లో సరిపోయిందన్న మాట. అది మోసం కాదు. కానీ ఆ లెక్క ఎలా వేశారో అడగకుండా "నూరు శాతం" అని నోట్సులో రాసుకోకూడదు. డెన్మార్క్ తన వేడి కోసం బయటి దేశాలనుంచి కలప గుళికలు తెప్పించుకుని కాలుస్తుంది, దాన్నీ పునరుత్పాదకం ఖాతాలోనే వేస్తుంది. ఆ అడవి మళ్ళీ ఎన్నాళ్ళకి పెరుగుతుందో కూడా అడగాలి.

కోపెన్‌హేగెన్‌లో చెత్త కాల్చి కరెంటూ వేడీ తీసే కేంద్రం కప్పు మీద మంచుజారుడు ఆటస్థలం కట్టారు. పిల్లలకి సరదా, బోలెడు ఫొటోలు. మేం అక్కడ ఎక్కువసేపు ఉండలేదు.

ఈమధ్య సంవత్సరాల్లో డెన్మార్క్ వాడే కరెంటులో సగానికి పైగా గాలిదే. 2015 జులైలో ఒక రాత్రి గాలి కరెంటు దేశం వాడకంలో 140 శాతానికి చేరింది. మిగిలింది ఎక్కడికి పోయింది? నార్వే, జర్మనీ, స్వీడన్‌లకి. నార్వేకి సముద్రం అడుగున కేబుళ్ళున్నాయి, 1970ల నుంచీ ఒకటొకటిగా వేసినవి, కలిపి దాదాపు 1700 మెగావాట్లు. డెన్మార్క్‌లో గాలి వీస్తే నార్వే తన జలవిద్యుత్తు తగ్గించి ఆనకట్టలో నీళ్ళు ఆపుకుంటుంది. గాలి పడిపోతే ఆ నీళ్ళు వదిలి కరెంటు పంపుతుంది.

మనకి నార్వే లేదు, శ్రీశైలం ఉంది. తిరిగొచ్చాక ఆ పిల్లల్నే ఎడమగట్టు భూగర్భ కేంద్రానికి తీసుకెళ్ళాను. ఒక్కోటి 150 మెగావాట్ల యూనిట్లు ఆరు, వెనక్కి తిరిగి పంపుల్లా కూడా పనిచేస్తాయి. కరెంటు మిగిలినప్పుడు నాగార్జునసాగర్ వైపు నీళ్ళని మళ్ళీ పైకి తోడొచ్చు. టన్ను నీళ్ళని 80 మీటర్లు ఎత్తితే ఎంత కరెంటు దాగుతుందో లెక్కేయమన్నాను. 0.22 యూనిట్ వచ్చింది. ఒక ఫ్యాను మూడు గంటలు తిరగడానికి టన్ను నీళ్ళు! చెరువులు చాలవని, కృష్ణ మీది జలాశయాల్లాంటివి కావాలని వాళ్ళకే తెలిసింది. ఎత్తి దించేలోపు వందలో ఇరవై, పాతిక యూనిట్లు నష్టపోతాం. గాలి వీచే రాత్రి మరలు ఆపేసుకుంటే మొత్తం పోతుంది కదా అన్నాడు అనంతపురం కుర్రాడు. నంద్యాల జిల్లా పిన్నాపురంలో గాలి, ఎండ, నీళ్ళు మూడూ కలిపి కట్టిన ప్రాజెక్టులో, ఇలాగే నీళ్ళెత్తి కరెంటు దాచే 1680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజికి ఇదే లెక్క పిల్లలు ఇప్పుడు వేస్తున్నారు.