22 ఏళ్లకి పియానో మొదలుపెట్టి, 28కి ఆల్బమ్: రియో ఫుకుయి జాజ్ కథ

ఈ ఎపిసోడ్‌లో ఒక పియానిస్ట్ గురించి మాట్లాడుకుందాం. పేరు రియో ఫుకుయి. జపాన్ ఉత్తరాన ఉండే హొక్కైడో దీవిలో 1948లో పుట్టారు. రాత్రిపూట లో-ఫై పెట్టుకుని చదువుకునే అలవాటు మీకుంటే, ఈయన పేరు తెలియకపోయినా ఈయన పియానో మీ చెవిన పడే ఉంటుంది. 1976లో వచ్చిన ‘సీనరీ’ అనే ఆల్బమ్ ఆయన్ది. ఇవాళ యూట్యూబ్‌లో దానికి మిలియన్లలో వ్యూస్ ఉన్నాయి.

జాజ్ మనకి కొత్త, జపాన్ జాజ్ ఇంకా కొత్త, మరి మనకెందుకు ఈ గోల అనుకోకండి. ఈయన పియానో ముందు కూర్చున్నది 22 ఏళ్ల వయసులో. అదీ గురువు లేకుండా, సొంతంగా. అంతకుముందు 18 ఏళ్లకి అకార్డియన్ పట్టుకున్నారు. మన దగ్గర సంగీతం అంటే అయిదేళ్లకే సరళీ స్వరాలు మొదలుపెట్టాలి, లేకపోతే రైలు వెళ్లిపోయినట్టే అంటారు. 22 అంటే మనవాళ్లు బీటెక్ అయిపోయి ప్లేస్‌మెంట్ కోసం తిరిగే వయసు. ఆ వయసులో మొదలుపెట్టిన మనిషి, ఆరేళ్లలో ఈ ఆల్బమ్ చేశారు.

అసలు జపాన్‌కి జాజ్ ఎలా వచ్చింది?

జాజ్ అమెరికాలో నల్లజాతివాళ్ల సంగీతం. రెండో ప్రపంచ యుద్ధానికి ముందే జపాన్‌కి చేరింది. యుద్ధం వచ్చాక అక్కడి ప్రభుత్వం దాన్ని శత్రువుల సంగీతం అని నిషేధించింది. యుద్ధం అయిపోయాక అమెరికా సైన్యం జపాన్‌లో దిగింది. వాళ్ల క్లబ్బుల్లో వాయించడానికి మ్యుజీషియన్లు కావాలి. అలా వాయించి ఎదిగినవాళ్లతో అక్కడ జాజ్ మళ్లీ లేచింది.

ఆ తరంలో పెద్ద పేరు తొషికో అకియొషి. టోక్యోలో ఈమె పియానో విని ఆస్కార్ పీటర్సన్ ఆశ్చర్యపోయారు. ఆయన మాట మీద 1953లో ఆమె మొదటి రికార్డింగ్ జరిగింది. 1956లో బోస్టన్‌లోని బర్క్‌లీ సంగీత పాఠశాలకి వెళ్లారు. అక్కడ చేరిన మొదటి జపాన్ విద్యార్థి ఆమే.

ఇంకో ముఖ్యమైన విషయం జాజ్ కిస్సా. కిస్సా అంటే కాఫీ షాపే, కానీ ఇక్కడ మెయిన్ ఐటమ్ కాఫీ కాదు. అప్పట్లో విదేశీ రికార్డులు మామూలు మనిషి కొనలేనంత ఖరీదు. ఓనర్ మంచి స్పీకర్లు, వందల కొద్దీ రికార్డులు పెట్టుకుంటాడు. మీరు ఒక కాఫీ చెప్పి గంటల తరబడి కూర్చుని వినొచ్చు. చాలా చోట్ల మాట్లాడటం కూడా నిషేధం. యొకొహామాలో ‘చిగుసా’ అనే కిస్సా 1933లోనే మొదలైంది. ఒక తరం మ్యుజీషియన్లకి ఈ షాపులే కాలేజీ. అదే సోలోని పది సార్లు విని, ఇంటికెళ్లి వాయించి చూసుకోవడం. ఇప్పుడు మనం యూట్యూబ్ ట్యుటోరియల్ వెనక్కి తిప్పి తిప్పి చూస్తాం కదా, అదే పద్ధతి.

సొంతంగా నేర్చుకోవడం అంటే గాల్లోంచి నేర్చుకోవడం కాదు. రికార్డులే గురువు, చెవే క్లాస్‌రూమ్.

ఆ ఆల్బమ్‌లో ఏముంది?

‘సీనరీ’లో ముగ్గురే ఉన్నారు. పియానో ఫుకుయి, బేస్ సతొషి దెన్పో, డ్రమ్స్ యొషినొరి ఫుకుయి. యొషినొరి సొంత తమ్ముడే. ఆరు ట్రాక్‌లు. అందులో ఎక్కువ భాగం పాత పాటలే. వీటిని జాజ్‌లో స్టాండర్డ్స్ అంటారు, అంటే అందరికీ తెలిసిన, అందరూ వాయించే పాటలు.

మరి అందరూ వాయించిన పాటే మళ్లీ వాయిస్తే గొప్పేంటి? ఇక్కడ మన కర్ణాటక సంగీతం సాయం తీసుకుందాం. కచేరీలో కల్పన స్వరాలు విన్నారా? గాయకుడు కీర్తనలో ఒక లైన్ పట్టుకుంటాడు. అప్పటికప్పుడు స్వరాలు అల్లుకుంటూ పోతాడు. ఎంత దూరం వెళ్లినా, తాళం తప్పకుండా సరిగ్గా అదే లైన్‌కి వచ్చి దిగాలి. అప్పుడే జనం ‘భళా’ అంటారు. జాజ్‌లో కూడా ఇదే ఆట. మొదట పాట ట్యూన్ వాయిస్తారు. తర్వాత ఆ పాట కార్డ్‌ల వరస అలాగే తిరుగుతూ ఉంటుంది, దాని మీద కొత్త ట్యూన్ అప్పటికప్పుడు పుడుతుంది. చివర్లో మళ్లీ అసలు ట్యూన్‌కి వస్తారు.

ఉదాహరణకి ‘ఆటమ్ లీవ్స్’ ఈ ఆల్బమ్‌లో ఉంది. మొదట అది ఫ్రెంచ్ పాట. 32 బార్లు, బార్‌కి 4 బీట్లు, మొత్తం 128 లెక్కలు. ముగ్గురూ ఈ 128 లెక్కల్ని తలలో తిప్పుకుంటూనే ఉంటారు. ఎవరూ పైకి లెక్కపెట్టరు. ఒక్కడు తప్పినా మిగతా ఇద్దరికీ వెంటనే తెలిసిపోతుంది.

నాకు బాగా ఇష్టమైన ట్రాక్ ‘ఎర్లీ సమ్మర్’. పది నిమిషాలు దాటుతుంది. మెల్లగా, ఆలోచిస్తున్నట్టు మొదలవుతుంది. తర్వాత స్పీడ్ అందుకున్నాక ఎడమ చెయ్యి గంటలు కొట్టినట్టు కార్డ్‌లు మోగిస్తుంది, కుడి చెయ్యి పరిగెడుతుంది. ఇది పరీక్ష కోసం నేర్చుకున్న చెయ్యి కాదు అని వింటేనే తెలుస్తుంది. చాలా రోజులు ఆకలితో ఉన్నవాడు అన్నం తిన్నట్టు వాయిస్తారు.

తర్వాత ఏమైంది?

1977లో ‘మెలో డ్రీమ్’ వచ్చింది. ఆ తర్వాత స్టూడియో ఆల్బమ్ కోసం చాలా ఏళ్ల గ్యాప్. 1994లో ‘మై ఫేవరెట్ ట్యూన్’ చేశారు. 1995లో హొక్కైడో రాజధాని సప్పొరోలో భార్య యసుకోతో కలిసి ‘స్లోబోట్’ అనే చిన్న జాజ్ క్లబ్ తెరిచారు. ఇక అక్కడే, చివరిదాకా వాయిస్తూ ఉండిపోయారు.

ఈ మధ్యలో ఆయనకి ఒక గురువు దొరికారు. డిట్రాయిట్‌లో పుట్టిన బ్యారీ హ్యారిస్. బీబాప్ అనే స్టయిల్‌కి పెద్ద దిక్కు, పేరున్న టీచర్. 2021లో చనిపోయేదాకా పాఠాలు చెబుతూనే ఉన్నారు. ఫుకుయి 1999లో న్యూయార్క్‌లో చేసిన ఆల్బమ్‌కి డ్రమ్స్ వాయించింది లెరాయ్ విలియమ్స్, అంటే ఎన్నో ఏళ్లు హ్యారిస్ పక్కన వాయించిన మనిషి.

హ్యారిస్ చెప్పే పాఠం ఒకటి చూపిస్తాను. సంగీతం రాకపోయినా పర్లేదు, కోడింగ్ వస్తే చాలు. శంకరాభరణం తీసుకోండి: స రి గ మ ప ద ని. ఏడు స్వరాలు. జాజ్‌లో సోలో వాయించేటప్పుడు బీట్‌కి రెండు స్వరాలు, అంటే నాలుగు బీట్ల బార్‌కి ఎనిమిది పడతాయి. చూశారా? లూప్ 8, అర్రే సైజ్ 7. బీట్ మీద స, గ, ప పడ్డాక నాలుగో బీట్‌కి ని వస్తుంది. తర్వాతి బార్ మొదలయ్యేసరికి స బదులు రి పడుతుంది. కార్డ్‌లో ముఖ్యమైన స్వరాలు స, గ, ప, ద బీట్ మీద నిలబడటం లేదు. అందుకే కొత్తగా నేర్చుకున్నవాళ్లు వాయిస్తే ఎక్కడో జారినట్టు ఉంటుంది.

హ్యారిస్ పరిష్కారం ఏంటంటే, ప కి ద కి మధ్యలో శుద్ధ ధైవతం కూడా కలపడం. ఇప్పుడు ఎనిమిది స్వరాలు. స రి, గ మ, ప ద1, ద2 ని. ప్రతి బీట్ మీదా వరసగా స, గ, ప, ద2. ఎన్ని సార్లు తిరిగినా తప్పదు. ఇంకో తమాషా, మిగిలిన నాలుగు స్వరాలు రి, మ, ద1, ని చూడండి. వాటి మధ్య దూరాలు సమానం, మూడేసి సెమీటోన్లు. వాటన్నిటినీ కలిపి మోగిస్తే టెన్షన్‌గా ఉండే డిమినిష్డ్ కార్డ్ వస్తుంది. అంటే ఒకే స్కేల్‌లో ఇల్లూ ఉంది, ప్రయాణమూ ఉంది. ఒక అడుగు విశ్రాంతి, ఒక అడుగు కదలిక. ఒక్క స్వరం కలిపితే ఇంత మారిపోయింది.

ఈ స్కూల్‌కి వెళ్లేనాటికి ఫుకుయి ఆల్బమ్‌లు చేసిన ఆర్టిస్ట్. అయినా స్టూడెంట్ లాగా కూర్చుని నేర్చుకున్నారు. నాకు నచ్చింది ఇదే. ఒక ఫ్రేమ్‌వర్క్ రెండేళ్లు వాడితే మనకి ‘సీనియర్’ అని పేరు ముందు పెట్టుకోవాలనిపిస్తుంది కదా.

మరి యూట్యూబ్ ఏం చేసింది?

2010ల చివర్లో యూట్యూబ్ ఆటోప్లే ఈ పాత ఆల్బమ్‌ని ప్రపంచమంతా తిప్పింది. మరియా తకెఉచి 1984 నాటి పాట ‘ప్లాస్టిక్ లవ్’ కూడా అదే కాలంలో అలాగే వైరల్ అయింది. ఇది మ్యాజిక్ కాదు. రికమెండేషన్ సిస్టమ్స్‌లో పాత పద్ధతి ఒకటుంది. లో-ఫై విన్న వెయ్యి మంది ఒక జపాన్ పియానో ఆల్బమ్ చివరిదాకా ఆపకుండా విన్నారనుకోండి, లో-ఫై వినే ఇంకొకరికి సిస్టమ్ అది కూడా చూపిస్తుంది. అతనూ ఆపకపోతే ఇంకో పదిమందికి. సిస్టమ్‌కి జాజ్ తెలియదు, జపాన్ తెలియదు. జనం ఎక్కడ ఆగారో, ఎక్కడ వెళ్లిపోయారో అదొక్కటే తెలుసు.

ఇక్కడే మనసు కలుక్కుమనే విషయం. ఫుకుయి 2016 మార్చిలో చనిపోయారు. ‘సీనరీ’ని ఒక స్విస్ లేబుల్ మళ్లీ రికార్డు మీద వేసింది 2018లో. అసలు హడావుడి అంతా ఆయన పోయాకే. చివరి ఆల్బమ్ ‘ఎ లెటర్ ఫ్రమ్ స్లోబోట్’ 2015లో వచ్చింది, పేరులోనే తన క్లబ్ ఉంది.

మరి ఆయన ఓడిపోయారా? అల్గారిథమ్ నలభై ఏళ్లు లేట్‌గా వచ్చింది కాబట్టి ఆ నలభై ఏళ్లు వేస్టా? నా లెక్క వేరే. 1995 నుంచి సొంత క్లబ్‌లో, తనకి నచ్చిన సంగీతం, భార్య పక్కన. వ్యూస్ ఆ ఆల్బమ్‌కి వచ్చాయి, కానీ ఆల్బమ్ పుట్టింది వ్యూస్ కోసం కాదు. వ్యూస్ మీద బతికే నేను ఈ మాట చెప్పడం కామెడీగా ఉందని తెలుసు. అయినా చెబుతున్నా. వినేవాళ్లు రాకముందు ఏళ్ల తరబడి చెయ్యగలిగే పని మీకేది? కెరీర్ గురించి నాకు తెలిసిన మంచి ప్రశ్న ఇది.

ఎక్కడ మొదలుపెట్టాలి?

మొదట ‘సీనరీ’లోంచి ‘ఇట్ కుడ్ హ్యాపెన్ టు యూ’. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. మొదటిసారి పియానో వినండి. రెండోసారి పియానో వదిలేసి బేస్ మాత్రమే పట్టుకోండి, అదే ఇంటికి పునాది. మూడోసారి డ్రమ్మర్ ప్లేటు మీద పుల్లతో ఏం చేస్తున్నాడో వినండి. మూడోసారికి పాట మీకు వేరేగా వినిపిస్తుంది.

తర్వాత తొషికో అకియొషి 1974 ఆల్బమ్ ‘కొగున్’. ఇందులో పెద్ద జాజ్ బ్యాండ్ మధ్యలో జపాన్ సంప్రదాయ డ్రమ్ త్సుజుమి మోగుతుంది. జపాన్‌వాళ్లు అమెరికాని కాపీ కొడతారు అన్నవాళ్లకి అదొక జవాబు.

ఇవాళ్టి వాళ్లలో హిరొమి ఉయెహారా, 1979లో పుట్టిన పియానిస్ట్. స్పీడ్ చూస్తే కళ్లు తిరుగుతాయి. 2023లో వచ్చిన యానిమే సినిమా ‘బ్లూ జైంట్’కి సంగీతం ఈమెదే. ఆ కథలో తమద అనే కుర్రాడు డ్రమ్స్ అసలు రాకుండా మొదలుపెడతాడు. వాడి కోసం వాయించింది షున్ ఇషివక, ఇవాళ జపాన్‌లో టాప్ డ్రమ్మర్లలో ఒకరు. అంటే అంత వచ్చినవాడు, మొదటి సీన్లలో రానివాడిలా వాయించాలి, తర్వాత సీన్ సీన్‌కీ కొంచెం కొంచెం బాగుపడాలి. ఆ సినిమా చూసేటప్పుడు డ్రమ్స్ మీద చెవి పెట్టండి, ఒక మనిషి నేర్చుకోవడం ఎలా ఉంటుందో వినిపిస్తుంది.

మీలో ఎవరైనా ఇరవై దాటాక వాద్యం మొదలుపెట్టారా? కీబోర్డ్, గిటార్, వీణ, ఏదైనా సరే. ఎన్నేళ్లయింది, ఇప్పుడు ఏం వాయించగలుగుతున్నారు, కామెంట్‌లో రాయండి. నేను అన్నీ చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి.