మధుమేహమునకు వ్యాయామము: నేలమీద, నీటిలో

మధుమేహము పట్టణములలో కూర్చుండి పనిచేయువారికి మాత్రమే వచ్చు వ్యాధి యను అభిప్రాయము మన పల్లెలలో ఇంకను వినబడుచున్నది. భారత వైద్య పరిశోధన మండలి 2008 మొదలు 2020 వరకు దేశమంతట జరిపించిన సర్వే ఫలితములు 2023లో వెలువడి, ఈ అభిప్రాయము నిజము కాదని తేల్చినవి. గ్రామములలోని వయోజనులలో నూటికి సుమారు 9 మందికి మధుమేహము కలదు. మరి 15 మంది వ్యాధి గడపలో నిలిచియున్నారు. ఈ రెండవ సంఖ్య పట్టణములలోను దాదాపు ఇంతే. వేయిమంది వయోజనులున్న గ్రామమున ఈ లెక్కను రోగులు 90 మంది, రోగము రానున్నవారు 150 మంది యుందురు. కావున ఇది పంచాయతీ సభ్యులు తమ గ్రామ సమస్యగా నెంచి ఆలోచింపవలసిన విషయము.

వ్యాయామము చేయు మేలు

మనము తిన్న అన్నము చక్కెరగా మారి రక్తములో చేరును. ఆ చక్కెర కండరములలోనికి పోవుటకు క్లోమము నుండి పుట్టు ఇన్సులిన్ తోడ్పడును. మధుమేహ రోగిలో ఇన్సులిన్ చాలకుండుటయో, ఉన్నది సరిగా పనిచేయకుండుటయో జరుగుచుండును. అయితే కదలుచున్న కండరము ఇన్సులిన్ కొరకు వేచియుండక తానుగా కూడ చక్కెరను గ్రహింపగలదు. పైగా, ఒకసారి చేసిన వ్యాయామము వలన ఇన్సులిన్ చురుకుగా పనిచేయు గుణము ఒకటి రెండు దినములు నిలుచును. అందుచేతనే వరుసగా రెండు దినములకు మించి వ్యాయామము మానరాదని వైద్యులు చెప్పుచున్నారు.

“మేము పొలము పని చేయుచున్నాము గదా, వేరే వ్యాయామమెందుకు?” అని రైతులడుగుట సహజము. చెమటపట్టునట్లు చేయు పొలము పని నిస్సందేహముగా వ్యాయామమే. కాని అది నాట్లకు, కలుపులకు, కోతలకు పరిమితమైనది. నడుమనున్న నెలలలో శరీరమునకు పని తగ్గుచున్నది. దుక్కి ట్రాక్టరు దున్నుచున్నది; నీరు మోటారు తోడుచున్నది; పొలమునకు పోవుటకు మోటారు సైకిలున్నది. వ్యాధికి మాత్రము తీరిక కాలము లేదు.

నేలమీద వ్యాయామము

అన్నిటిలో సులభమైనది నడక. వారమునకు 150 నిమిషములు, అనగా ఐదు దినములు అరగంట చొప్పున, వడిగా నడువవలెను. నడుచుచు మాటలాడగలిగి, పాట పాడలేకపోయినచో ఆ వడి సరియైనదని గుర్తు. ఒకేసారి అరగంట నడువలేనివారు పదేసి నిమిషములుగా నడువవచ్చును. భోజనమైన పిమ్మట కొద్దిసేపు నడచినచో, తిన్న తరువాత చక్కెర పెరుగుట కొంత తగ్గును.

నడకతోపాటు వారమునకు రెండు మూడు దినములు కండరములకు బలము నిచ్చు పనులు కూడ చేయవలెను. చేతులు ఊతముగా నుంచకుండ కుర్చీ నుండి పదిసార్లు లేచి కూర్చుండుట, గోడకు చేతులానించి ముందుకు వంగి వెనుకకు త్రోయుట, నీరు నింపిన చెంబులను చేతులతో పైకెత్తుట చాలును. వీనికి ఖర్చేమియు లేదు.

నీటిలో వ్యాయామము

మోకాళ్ల నొప్పులవారు, స్థూలకాయులు నడువలేక వ్యాయామమునే మానుచున్నారు. అట్టివారికి నీరు సహాయకారి. నడుము లోతు నీటిలో కాళ్లపై పడు బరువు సుమారు సగమగును. రొమ్ము లోతున మూడవవంతునకు దిగును. కీళ్లకు భారము తగ్గును గాని, నీరు ఎదురొత్తుట వలన కండరములకు పని పెరుగును. ఈత రానక్కరలేదు. నీటిలో ముందుకు వెనుకకు నడచుట, చేతులు చాచి నీటిని త్రోయుట, గట్టు పట్టుకొని కాళ్లాడించుట సరిపోవును. రక్తములో చక్కెర తగ్గించుటలో నీటి వ్యాయామము నేలమీద వ్యాయామమునకు దాదాపు సమానమని పరిశోధనలు చూపినవి. అంతకు మించిన మహిమ దానికి లేదు. నేలమీద నడువగలవారు నీటిని వెదకికొని పోనక్కరలేదు.

మరువరాని జాగ్రత్తలు

ఇన్సులిన్ గాని, కొన్ని రకముల చక్కెర మాత్రలు గాని వాడువారికి వ్యాయామ సమయమున చక్కెర హెచ్చుగా పడిపోవచ్చును. వణకు, చెమట, ఆకలి, తల తిరుగుట, మతి తప్పుట దీని గుర్తులు. నేలమీదనైన కూర్చుండవచ్చును, నీటిలో నిది ప్రాణాపాయము. నీటిలో చెమట తెలియదు కూడ. అందుచేత ఈ నియమములు పాటింపవలెను:

1. ఒంటరిగా నీటిలో దిగరాదు. ఈత వచ్చినవారొకరు గట్టుపై నుండవలెను.

2. ఇట్టి మందులు వాడువారు ముందుగా చక్కెర చూచుకొనవలెను. 90 మిల్లీగ్రాములకు తక్కువగా నున్నచో కొంత ఆహారము తీసికొని, చక్కెర పెరిగిన పిమ్మటనే ఆరంభింపవలెను.

3. చక్కెర పడిన గుర్తులు తోచిన వెంటనే ఆపి, మూడు చెంచాల చక్కెర నీటిలో కలిపి త్రాగవలెను. పదునైదు నిమిషములలో తేరుకొననిచో మరల త్రాగవలెను. తెలివి తప్పినవాని నోట ఏమియు పోయక, వెంటనే 108కు కబురు చేయవలెను.

4. పారు కాలువలు, బావులు, క్వారీ గుంతలు పనికిరావు. ప్లాస్టిక్ పరచిన వ్యవసాయ కుంటల అంచులు జారును, దిగినవారు ఎక్కలేరు. లోతు తెలిసి, మెట్లుగల చోటనే దిగవలెను.

5. పాదములు మొద్దుబారినవారికి గాయము తెలియదు. వారు నేలమీదను, నీటిలోను పాదరక్షలు ధరించి, పిమ్మట వ్రేళ్ల సందులు ఆరదుడిచి, పాదములను పరీక్షించుకొనవలెను. పుండున్నవారు నీటిలో దిగరాదు.

6. గుండెనొప్పి, కంటిచూపు మందగించుట వంటి ఇబ్బందులున్నవారు వైద్యుని అడిగిన పిమ్మటనే మొదలిడవలెను. వ్యాయామము చేయుచున్నామని మందులు మానరాదు.

పంచాయతీ చేయదగినది

రాజ్యాంగము 11వ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగినవిగా పేర్కొన్న 29 విషయములలో ఆరోగ్యము, పారిశుద్ధ్యము కలవు. వ్యక్తికి సంకల్పముండవచ్చును, నడచుటకు చోటు లేనిచో ఆ సంకల్పము నిలువదు. ఊరివెలుపల కిలోమీటరు బాటను చదునుచేసి, దూరము తెలియునట్లు రాళ్లు పాతించుట, దీపములు వేయించుట పెద్ద వ్యయముతో కూడినవి కావు. వెలుతురున్నచో పొలము నుండి వచ్చిన స్త్రీలు కూడ సాయంకాలము నడువగలరు. చెరువు రేవున మెట్లు బాగుచేయించి, పట్టుకొనుటకు కమ్మీలు నాటించి, లోతు తెలుపు పలకను పెట్టించవలెను. అట్లు చేయువరకు నీటి వ్యాయామమును ప్రోత్సహింపకుండుటయే మేలు.

30 ఏండ్లు నిండినవారికి ఆరోగ్య ఉపకేంద్రములలో మధుమేహ పరీక్ష చేయుదురు. ఆశా కార్యకర్తతో కలిసి వార్డువారీగా ప్రజలను పంపు బాధ్యతను సభ్యులు వహింపవచ్చును. వ్యాధి గడపలో నున్నవారిపై మన దేశమున జరిగి 2006లో వెలువడిన పరిశోధనలో, ఆహార నియమము, నడక అవలంబించినవారిలో వ్యాధి బారిన పడినవారు నాలుగవవంతునకు పైగా తగ్గిరి.

రాబోవు గ్రామసభలో ఈ విషయమును చర్చకు తెచ్చి, నడక బాట ఒక్కటియైనను తీర్మానింపుడని సభ్యులను కోరుచున్నాము. ఆ బాటపై మొదట నడచువారు సర్పంచి, సభ్యులే యైనచో గ్రామము తానుగా వారిని అనుసరింపగలదు.