షుగర్ రిజిస్టరులో కంటికీ ఒక గడి

షుగర్ మందులు వాడేవారి చీటీలో షుగర్ ఎంత, బీపీ ఎంత, గోళీలు పూటకు ఎన్ని అన్నీ రాసి ఉంటాయి. కన్ను చివరిసారి ఎప్పుడు చూశారన్నది మాత్రం తరచుగా కనిపించదు.

షుగర్ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే కంటి వెనుక రెటీనా పొరలోని సన్నని రక్తనాళాలు దెబ్బతిని, నీరూ రక్తమూ ఊరతాయి. ఇదే డయాబెటిక్ రెటినోపతి. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, మొదట్లో చూపూ తగ్గదు. మసక తెలిసేసరికి జబ్బు ముదిరి ఉంటుంది. లేజరు, ఇంజెక్షన్లు ఉన్న చూపును కాపాడతాయి గాని, పోయిన చూపును తేవడం చాలాసార్లు వాటి వల్ల కాదు. అందుకే పెద్దవారికి వచ్చే టైప్-2 షుగర్ బయటపడగానే ఒకసారి, తర్వాత ఏటా ఒకసారి రెటీనా చూపించుకోవాలి.

“కంటి వెలుగులో చూపించుకున్నం గదా సార్” అంటారు. 2018 ఆగస్టు 15న మొదలై, 2023 జనవరిలో రెండో విడతగా వచ్చిన ఆ కార్యక్రమం ఎందరికో అద్దాలిచ్చింది. మంచి పనే. కాని చార్టు చదివించి అద్దాల నంబరు చూడటం వేరు, చుక్కల మందు వేసి లోపలి పొరను చూడటం వేరు. చార్టులో చివరి వరుస చదివినవారికీ లోపల రక్తం ఊరుతూ ఉండవచ్చు.

నొప్పి లేని జబ్బు రోగికి గుర్తుండదు. ఓపీ వరుసలో డాక్టరుకూ గుర్తురాదు. ఇంగ్లండులో 2003లో మొదలైన జాతీయ కార్యక్రమం ఈ భారాన్ని జాబితా మీద పెట్టింది. పన్నెండేళ్లు దాటిన షుగర్ రోగులను పేరుపేరునా గడువు ప్రకారం పిలుస్తారు. 2009-10 లెక్కల్లో, ఇంగ్లండు, వేల్సులలో పనిచేసే వయసువారి అంధత్వానికి షుగర్ మొదటి కారణంగా లేకుండా పోయింది. యాభై ఏళ్లలో అదే మొదటిసారి. అందుకు ఈ పిలుపులూ ఒక కారణమని వైద్యుల అంచనా.

మనకు కంప్యూటరే కావాలని లేదు. బడిలో హాజరు పిలిచేది వచ్చిన పిల్లల కోసం కాదు, రానిదెవరో తెలియడానికి. ఆరోగ్య కేంద్రం షుగర్ రిజిస్టరులోనూ రెండు గడులు గీస్తే చాలు: రెటీనా చూసిన తేదీ, మళ్లీ చూడవలసిన నెల. గడి ఖాళీగా ఉంటే మందులిచ్చేటప్పుడే నర్సమ్మ అడగాలి. ఆ నెల పేర్లు ఆశా కార్యకర్త చేతికి వెళ్లాలి. “చూపించిన” అనే మాట మీద టిక్కు పెట్టకూడదు, కంటి డాక్టరు చీటీ చూసే రాయాలి.

మిర్యాలగూడకో నల్లగొండకో పోయి రావడమంటే ఒక రోజు కూలి పోయినట్టే. పైగా చుక్కలు వేశాక కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది, బండి నడపరాదు. తోడు మనిషి కావాలి. మన సొసైటీ యువకులు నెలకొకసారి పదిమందిని ఒకే బండిలో తీసుకెళ్లి తేగలరు. ఇక రోజా ఉండే షుగర్ రోగులు మందుల వేళలు మార్చుకోవడానికి రంజాన్‌కు ముందు డాక్టరును ఎలాగూ కలవాలి. కంటి పరీక్షనూ ఆ రోజుల్లోనే పెట్టుకోవచ్చు. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కనుక ఏడాది గడువు దాటే ప్రసక్తే రాదు.