గోడ మీది పువ్వు ఎక్కడిది?

వాల్‌పేపర్ అనగానే అదంతా దొరల ముచ్చట అనుకుంటాం. కాని ఆ పూలకు మన బందరుతో చుట్టరికం ఉందంటే నమ్ముతారా?

17వ శతాబ్దంలో మచిలీపట్నం రేవు నుంచి అద్దకపు చీటీ గుడ్డలు ఓడలెక్కి ఐరోపాకు వెళ్లేవి. చిరివేరుతో వేసిన ఎరుపు ఉతికినా పోదు. అదే అక్కడివారిని మురిపించింది. లండన్‌లో శామ్యూల్ పీప్స్ 1663లో, భార్య చదువుల గది గోడలకు భారతదేశపు చీటీ గుడ్డ కొన్నట్టు తన డైరీలో రాసుకున్నాడు.

అక్కడి నేతగాళ్లు గగ్గోలు పెట్టడంతో 1721లో ఇంగ్లండు అద్దకపు నూలు గుడ్డల వాడకాన్నే నిషేధిస్తూ చట్టం చేసింది. గుడ్డ పోయినా మోజు పోలేదు. గోడకాగితాల వాళ్లు చెక్క అచ్చులతో, రంగుకొక అచ్చు చొప్పున, అదే పోకడ పూలతీగలు కాగితంపై అద్దారు. ఆ కాగితానికీ 1712 నుంచి 1836 దాకా పన్ను తప్పలేదు!

మూడు తరాలుగా పుణెలో ఉంటున్న మా ఇంట్లో పిల్లలు కొత్త గదికి వాల్‌పేపర్ కావాలంటున్నారు. వద్దనను. బోసి గోడ ఒక్క పూటలో నిండుగా మారుతుంది. గోడకు చెమ్మ లేకుంటే చాలు. అయితే ఎదుటి గోడకు, నేటికీ ఆ అద్దకం సాగుతున్న పెడన నుంచి తెప్పించిన కలంకారీ వేలాడదీస్తాను. ఆ రెండూ చుట్టాలని మనవలకు ఎవరో ఒకరు చెప్పాలిగా!