అడుగుకు అరంగుళం... అరచేతిలో అంబాసిడర్

పెదవేగి: వేసవిలో ముంజెలు తినేసి, ఖాళీ కాయలు రెండింటిని పుల్లకు గుచ్చి, పంగల కర్రతో తోసుకుంటూ వీధి వెంట పరుగెత్తని పెద్దవారు ఈ ప్రాంతపు పల్లెల్లో అరుదు. ముంజికాయల బండికి కొలతలు లేవు. బండి అనుకుంటే అది బండే. ఆ పిల్లవాడే కాస్త ఎదిగి ‘అచ్చం నిజం కారులాగా ఉండాలి’ అని పట్టుబట్టాడంటే, నమూనా కార్ల తయారీ వైపు అడుగు వేసినట్టే. ఇంగ్లండు, అమెరికా, జపాన్ దేశాల్లో పిల్లలతోపాటు పెద్దలకు కూడా ఇది ఎంతో ఇష్టమైన వ్యాపకం. దీనికి కావలసిన సరుకు చాలావరకు మన పెరళ్లలోనే దొరుకుతుంది. పైగా మన కళ్ల ముందే కనుమరుగవుతున్న బండ్లను గుర్తుగా నిలుపుకోవడానికి ఇంతకంటె చౌకైన మార్గం మరొకటి లేదు.

బొమ్మకూ నమూనాకూ తేడా

తిరునాళ్లలో కొనే ప్లాస్టిక్ కారుకు చక్రాలు పెద్దవైనా, తలుపులు చిన్నవైనా ఎవరూ అడగరు. అది బొమ్మ. నమూనా అలా కాదు. అసలు కారులోని ప్రతి కొలతనూ ఒకే అంకెతో భాగించి చేయాలి. ఆ అంకెనే స్కేలు అంటారు. అట్టతో, కర్రతో సొంతంగా చేసుకునేవారికి 24వ వంతు స్కేలు అనువుగా ఉంటుంది. అడుగుకు 12 అంగుళాలు కనుక, 24తో భాగిస్తే అరంగుళం వస్తుంది. వడ్రంగికి ‘అడుగుకు అరంగుళం’ అని చెబితే చాలు, మిగతాది ఆయనే చూసుకుంటాడు.

అంబాసిడర్ కారునే తీసుకుందాం. దాని పొడవు 4,325 మిల్లీమీటర్లు, వెడల్పు 1,662, ఎత్తు 1,600. ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ మధ్య దూరం 2,464. వీటిని 24తో భాగిస్తే పొడవు 180 మిల్లీమీటర్లు, వెడల్పు 69, ఎత్తు 67, ఇరుసుల మధ్య దూరం 103 వస్తాయి. అంటే కారు మొత్తం జానెడుకు కాస్త తక్కువ. అదే కారును 18వ వంతుకు చేస్తే 24 సెంటీమీటర్లు, 43వ వంతుకు చేస్తే 10 సెంటీమీటర్లు, 64వ వంతుకు చేస్తే ఏడు సెంటీమీటర్లలోపు ఉంటుంది. 43 అనే వింత అంకె ఎక్కడిదని అనుమానం రావచ్చు. బ్రిటన్‌లో బొమ్మ రైళ్లను అడుగుకు 7 మిల్లీమీటర్ల లెక్కన చేసేవారు. ఆ రైళ్ల పక్కన పెట్టడానికి చేసిన కార్లకూ ఆ లెక్కే వచ్చింది.

ఇక్కడ బడిపిల్లలకు ఒక చిక్కు లెక్క ఉంది. పొడవు 24వ వంతుకు తగ్గితే బరువు కూడా 24వ వంతుకే తగ్గుతుందా? తగ్గదు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ తగ్గుతాయి కనుక 24ను మూడుసార్లు గుణించాలి. అది 13,824. పదకొండు వందల కిలోల పైబడిన అంబాసిడర్‌ను అదే ఇనుముతో, అదే మందం లెక్కతో 24వ వంతుకు చేయగలిగితే 80 గ్రాములే తూగుతుంది!

అగ్గిపెట్టెలో పట్టిన కారు

బొమ్మ కార్ల వ్యాపారానికి పెద్ద పేరు తెచ్చినవి ఇంగ్లండులోని డింకీ టాయ్స్. 1934 నుంచి ఆ పేరుతో వచ్చాయి. ఆ తరువాత 1953లో మ్యాచ్‌బాక్స్ కార్లు వచ్చాయి. ఆ పేరు వెనుక ఒక కథ చెబుతారు. జాక్ ఒడెల్ అనే పనివాడి కూతురు చదివే బడిలో, అగ్గిపెట్టెలో పట్టే బొమ్మలనే తెచ్చుకోనిచ్చేవారట. తండ్రి చిన్న ఇత్తడి రోడ్డు రోలరును చేసి ఇచ్చాడు. దానిని చూసిన పిల్లలంతా తమకూ కావాలన్నారు. అమెరికాలో 1968లో హాట్‌వీల్స్ వచ్చాయి. ఇవన్నీ పోతపోసి తయారుగా అమ్మేవి. విడిభాగాలను మనమే అతికించి రంగులు వేసుకునే ప్లాస్టిక్ కిట్లు మరో రకం.

మన దేశానికీ ఈ కథలో చోటుంది. 1960ల చివరలో డింకీ అచ్చులు కొన్ని కలకత్తా చేరాయి. వాటితో అక్కడ నిక్కీ టాయ్స్ పేరుతో కార్లు పోతపోశారు. విదేశీ కిట్లు నేటికీ సామాన్యుడికి అందని ధరలోనే ఉన్నాయి. అందువల్ల గీసుకుని, కోసుకుని, అతికించుకునే పద్ధతే మనకు మేలు.

మొదటి పని జీపుతో

కొత్తవారు వంపులు లేని బండితో మొదలు పెట్టాలి. పాత జీపు ఇందుకు తగినది. దాని ఒళ్లంతా పలకలే. ఇరుసుల మధ్య దూరం 80 అంగుళాలు, అంటే నమూనాలో సుమారు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. ముందుగా టేపు పట్టుకుని అసలు బండిని కొలవాలి. పక్కనుంచి, ముందునుంచి, పైనుంచి మూడు బొమ్మలు గీయాలి. గళ్ల కాగితం మీద గీస్తే తప్పు వెంటనే తెలిసిపోతుంది.

పెళ్లి శుభలేఖలు, చొక్కాల పెట్టెలు, నోటుబుక్కుల అట్టలు శరీరానికి పనికి వస్తాయి. మడత పెట్టవలసిన చోట లోపలివైపు బ్లేడుతో పైపైన గీత గీస్తే అంచు పదునుగా వస్తుంది. లోపల అంగుళానికొక అడ్డుగోడ అతికించాలి. లేకుంటే వానాకాలంలో అట్ట కుంగిపోతుంది. నీళ్లు కలిపిన ఫెవికాల్‌ను అట్టంతా పూసి ఆరనిచ్చి, లప్పం పెట్టి, ఉప్పుకాగితంతో రుద్దాలి. ఇలా రెండు మూడు మార్లు చేస్తే అట్ట రేకులా కనిపిస్తుంది. అరిగిన హవాయి చెప్పు నుంచి చక్రాలు, సైకిలు స్పోకు నుంచి ఇరుసు వస్తాయి. చక్రాన్ని ఇరుసుకు గుచ్చి ఉప్పుకాగితం మీద తిప్పితే గుండ్రదనం కుదురుతుంది.

అంబాసిడర్ బానెట్టు వంటి గుండ్రటి భాగాలకు అట్ట లొంగదు. అక్కడ మన ఆడవారి పాత విద్య అక్కరకు వస్తుంది. చాటలకు, బుట్టలకు కాగితం గుజ్జులో మెంతులు రుబ్బి కలిపి అలకడం తెలిసిన ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. బంకమట్టితో బానెట్టు ఆకారం చేసి ఆరబెట్టి, దాని మీద పలచని గుడ్డ పరిచి ఆ గుజ్జు అలికితే, ఎండాక పెంకులా ఊడి వస్తుంది. బ్లేడు పని చిన్నపిల్లలు పెద్దల ఎదుటనే చేయాలి. థిన్నరు వాడేటప్పుడు గాలి ఆడే చోట, పొయ్యికి దూరంగా కూర్చోవాలి.

చిన్న వివరాలలోనే ప్రాణం

చూసినవారు ‘అబ్బ, నిజం కారే’ అనేది శరీరాన్ని చూసి కాదు, చిన్న చిన్న వివరాలను చూసి. మాత్రల పట్టీలోని పారదర్శక బుడగను కత్తిరిస్తే హెడ్‌లైటు అద్దం అవుతుంది. ఆ పట్టీ వెనుక ఉండే వెండి రేకు బంపరుకు మెరుపునిస్తుంది. పాత కరెంటు తీగలోని సన్నని రాగి పోగు వైపరు అవుతుంది. వెనుక సీటు మీద తెల్ల తువ్వాలు ముక్క, వెనుక అద్దానికి చిన్న తెర పెడితే అది ఎవరో పెద్దమనిషి కారని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

రంగులో ఒక కిటుకు ఉంది. అసలు కారుకు వేసిన రంగునే చిన్న కారుకు వేస్తే మరీ ముదురుగా కనిపిస్తుంది. కొద్దిగా తెలుపు కలపాలి. రంగు ఒక్కసారే దట్టంగా కాక మూడు పలచని పూతలుగా వేయాలి. తలుపుల సందులు కనిపించడానికి, నూనెరంగు బాగా ఆరాక, పలచని నల్ల నీటిరంగును సన్న కుంచెతో ఆ గీతలో తాకిస్తే అది తానే పాకుతుంది. చివరగా మన మెట్ట దారుల ఎర్రమట్టిని జల్లించి చక్రాల పైభాగాన కాస్త అద్దితే, కారు పెదవేగి నుంచి ఇప్పుడే వచ్చినట్లుంటుంది.

కొండపల్లి చెప్పే పాఠం

చిన్న ఆకారాలు చెక్కడంలో మనకు గురువులు దూరాన లేరు. కొండపల్లి బొమ్మల కళాకారులు తేలికైన తెల్లపొణికి కర్రను ఎంచుకుంటారు. భాగాలను విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. సున్నం పూత పూసి, ఆరాక రంగులు వేస్తారు. విడిభాగాలు, అతుకు, పూత, రంగు అనే ఈ వరుసే నమూనా కారుకూ వర్తిస్తుంది. వారు చేసే ఎడ్లబండిని చూసినవారికి ఈ సంగతి తెలిసే ఉంటుంది.

ఆట నుంచి ఉద్యోగానికి

ఇది పొద్దుపోని పని అని కొట్టిపారేసేవారు ఒక విషయం తెలుసుకోవాలి. అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థ వారు 1930 నుంచి 1968 వరకు, ఫిషర్ బాడీ క్రాఫ్ట్స్‌మన్స్ గిల్డ్ పేరిట బాలురకు పోటీలు నడిపారు. మొదట రాజుల గుర్రపు బండి నమూనా చేయమనేవారు. 1937 నుంచి సొంత ఊహతో కార్లు చేయమన్నారు. స్కేలు 12వ వంతు, అంటే అడుగుకు అంగుళం. గెలిచినవారికి కాలేజీ చదువుకు డబ్బు ఇచ్చేవారు. 1947లో గెలిచిన చక్ జోర్డాన్ అనే కుర్రవాడు అదే సంస్థలో చేరి, 1986లో కార్ల రూపకల్పన విభాగానికి వైస్ ప్రెసిడెంటు అయ్యాడు. కంప్యూటర్లు వచ్చిన ఈ రోజుల్లో కూడా పెద్ద కంపెనీలు కొత్త కారు రూపాన్ని బంకమట్టి నమూనా చేసి చూసుకుంటున్నాయి.

తుక్కులోకి పోకముందే

ఈ విషయంలో మనం ఆలస్యం చేయరాని కారణం ఒకటుంది. 1957లో మొదలైన అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్‌ను 2023 ఏప్రిల్ 1 నుంచి పొడిగించడం మానేశారు. దానితో ఆఫీసుల ముందు నిలిచిన పాత జీపులు తుక్కుకు పోతున్నాయి. కర్ర చక్రాల ఎడ్లబండి సంగతి చెప్పనక్కరలేదు. చక్రానికి ఎన్ని ఆకులు, నొగల పొడవెంత, శీల ఎక్కడ అన్నది చేసిన వడ్రంగి చేతికే తెలుసు. ఏ పుస్తకంలోనూ రాసి లేదు. బండి పోయాక కొలతలు అడిగితే చెప్పేవారుండరు. ఫోటో రూపాన్ని చూపుతుంది గాని కొలత చెప్పదు.

నిష్పత్తి పాఠం చెప్పే లెక్కల మాస్టార్లు పిల్లలను టేపుతో ఒక బండి దగ్గరకు తీసుకుపోతే పాఠమూ వస్తుంది, రికార్డూ మిగులుతుంది. ఆడపిల్లలను కూడా ఇందులో చేర్చాలి. ఎడ్లబండి, జీపు, అంబాసిడర్, పామాయిల్ గెలలు మోసే ట్రాక్టరు ట్రక్కు, కొల్లేటి చేపల లారీ... ఇలా ఊరు వాడిన వాహనాలన్నింటినీ ఒకే స్కేలులో చేసి, పక్కన కొలతలు, తేదీ, ఊరి పేరు రాసిన కాగితం పెడితే హైస్కూలు బీరువాలో ఒక అర చాలు. పాత బండి పెరట్లో ఉన్నవారు ఇనుప సామాను కొనేవాడిని పిలిచేముందు, పిల్లల చేతికి టేపు ఇచ్చి ఒకసారి కొలిపించడం మంచిది.