ఫుడ్ ప్యాంట్రీ

అమెరికాలో 2025 నవంబరు 1 నుంచి స్నాప్ కార్డుల్లో పడాల్సిన డబ్బు ఆగిపోయింది. అంతకు నెల ముందు మొదలైన ప్రభుత్వ షట్‌డౌన్ దెబ్బ అది. స్నాప్ అంటే పాతకాలపు ఫుడ్ స్టాంపులే. మన రేషన్‌లా బియ్యం తూచి ఇవ్వరు. ఈబీటీ కార్డులో నెలనెలా సొమ్ము వేస్తారు, కిరాణా కొట్లో గీకి సరుకులు తెచ్చుకోవడమే. అప్పట్లో దాదాపు 4.2 కోట్ల మందికి, అంటే ప్రతి ఎనిమిది మందిలో ఒకరికి, అదే ఆసరా.

ఆగిన స్నాప్ సొమ్ముపై కోర్టుల్లో వాదనలు నడుస్తుండగా జనం ఫుడ్ ప్యాంట్రీల ముందు బారులు తీరారు. ప్యాంట్రీ అంటే చర్చిలోనో, బడిలోనో సరుకులు ఉచితంగా పంచే చోటు. డబ్బాల్లో చిక్కుళ్లు, పీనట్ బటర్, మాకరోనీ, ఒక్కోసారి స్నాప్‌తో కొనలేని సబ్బులు, డైపర్లు కూడా దొరుకుతాయి. వీటికి సరుకు చేరవేసే గోదాము ఫుడ్ బ్యాంకు. 1967లో ఫీనిక్స్‌లో జాన్ వాన్ హెంగెల్ మొదలుపెట్టిన పద్ధతి ఇది.

అయితే, దాతల ఔదార్యంతో సర్కారు లోటు పూడుతుందనుకుంటే పొరపాటే. తాము ఒక పూట భోజనం పెడితే స్నాప్ తొమ్మిది పూటలు పెడుతోందని ఫుడ్ బ్యాంకుల సమాఖ్య ఫీడింగ్ అమెరికానే చెబుతోంది. నవంబరు 12న షట్‌డౌన్ ముగిసింది. ఇక, సాయం చేయదలచిన వాళ్లకు ఫుడ్ బ్యాంకులు సాధారణంగా చెప్పే మాట: డబ్బాలకన్నా డబ్బు ఇవ్వండి, టోకు ధరకు మేం ఎక్కువ సరుకు కొనగలం.